పాత ల్యాప్‌టాప్‌ది తప్పు కాదమ్మా!

"ఈ డొక్కు ల్యాప్‌టాప్‌లో ఏం ఆడుతుంది, తీసి పాత సామాన్లవాడికి వేసేయ్." ఈ మధ్య ఏ ఇంటికి పోయినా ఇదే మాట. బొమ్మ ఆగి ఆగి వచ్చినా, మాట ముందొచ్చి పెదవులు వెనక కదిలినా నింద అంతా ఆ పెట్టె మీదే. నేను ఒప్పుకోను. చాలాసార్లు తప్పు పెట్టెది కాదు, దానికి మింగుడుపడనంత వీడియో తెచ్చి దాని నోట్లో కుక్కినవాళ్లది.

జమ్మలమడుగులో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి జరిగింది. మూడు గంటల వీడియో పెన్‌డ్రైవ్‌లో పెట్టి, "ఫోర్‌కే అక్కా" అని గొప్పగా చెప్పి ఇచ్చారు. మోకాళ్ల నొప్పులతో మా అత్త పులివెందుల నుంచి ఆ పెళ్లికి రాలేకపోయింది. తలంబ్రాలన్నా చూద్దామని కూర్చుంటే, మనవరాలు చెయ్యెత్తి దించేసరికి పక్కన మంత్రాలు అయిపోతున్నాయి. వీడియో తీసినవాళ్లను అడిగితే "కొత్త సిస్టమ్ కొనుక్కోండి" అన్నారు. మేమడిగింది తలంబ్రాలు, వాళ్లు చూపించింది ల్యాప్‌టాప్ అంగడి దోవ!

అసలు సంగతేమిటో చూడండి. ఫోర్‌కే బొమ్మ ఒక్కోటి 3840 అడ్డం, 2160 నిలువు. అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. మన ఇళ్లలో ఉండే పాత ల్యాప్‌టాప్ తెర చాలావరకు 1366 అడ్డం, 768 నిలువు. పదిన్నర లక్షల చుక్కలు మాత్రమే. పాపం ఆ పెట్టె సెకనుకు పాతికసార్లు 83 లక్షల చుక్కలు విప్పి, కుదించి, పదిన్నర లక్షలే చూపించాలి. ఎనిమిది శేర్ల సంగటి కెలికి ఒక శేరు వడ్డించి మిగతాది పారబోసినట్టు! ఇది చాలదన్నట్టు ఆ వీడియోను హెచ్.265 అనే పద్ధతిలో బిగించి ఇస్తారు. అది 2013లో వచ్చింది. అంతకుముందు తయారైన ల్యాప్‌టాప్‌లలో దాన్ని విప్పే ఏర్పాటు చిప్‌లోనే ఉండదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 2003 నాటి హెచ్.264 అయితే పాతవాటికీ అలవాటైన పద్ధతే.

మందు కూడా పైసా ఖర్చు లేనిదే. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాంట్లో వీడియో తెరిచి, ప్రీసెట్లలో "ఫాస్ట్ 720పి30" ఎంచుకుని, ఎంపీ4, హెచ్.264 అని ఉందో లేదో చూసి, స్టార్ట్ నొక్కడమే. 720పి అంటే 1280 అడ్డం, 720 నిలువు, మన తెరకు కుదిరే కొలత. కొత్త హ్యాండ్‌బ్రేక్‌కు 64 బిట్ విండోస్ 10 అయినా ఉండాలి. అది లేకపోతే పిల్లల ల్యాప్‌టాప్‌లోనో, తెలిసినవాళ్ల కంప్యూటర్‌లోనో మార్చి తెచ్చుకోండి. పాతదాంట్లోనే మారిస్తే రాత్రంతా పట్టినా పట్టొచ్చు. చార్జర్ పెట్టి, గాలి ఆడేలా బల్ల మీద ఉంచండి, పరుపు మీద వద్దు.

రెండు జాగ్రత్తలు. అసలు వీడియో చెరపకండి. కుదించినప్పుడు పోయిన నాణ్యత మళ్లీ రాదు, రేపు మనవళ్లకు పెద్ద తెర ఉండొచ్చు. రెండోది, సులువని వాట్సాప్‌లో పంపించుకుని అదే దాచుకోకండి. అది తన ఇష్టానికి నలిపేస్తుంది, ముఖాలు మసకబారతాయి.

"విండోస్ 10కే 2025 అక్టోబరు 14తో కంపెనీ సాయం ఆగింది, ఇంకెందుకు ఈ పెట్టె?" అంటారు కొందరు. నెట్ బ్యాంకింగ్‌కు వద్దంటే సరే, నేనూ వద్దనే అంటాను. నెట్ కలపకుండా పెన్‌డ్రైవ్‌లోని పెళ్లి చూసుకోవడానికి ఏం అడ్డం? "టీవీలో చూడొచ్చుగా" అంటే, టీవీ ఆడిస్తే సంతోషం. కానీ మంచం మీదున్న మనిషి పక్కకు టీవీ మోసుకుపోలేంగా.

మన పులివెందుల పక్కనే ఇడుపులపాయ ఉంది. 2008లో పెట్టిన ఆర్జీయూకేటీలో పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదివించారు. మన దగ్గర ఎంతోమంది తల్లులు కంప్యూటర్‌ను మొదట చూసింది పిల్లల చదువుల పుణ్యమానే. ఆ పిల్లలు ఉద్యోగాలకు పోయాక ఆ పెట్టెలు బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరు కదా, అక్కడ పాత గొలుసును ఎవరన్నా పారేస్తారా? కరిగించి ఇంకో నగ చేయిస్తారు. ఇక్కడ కరిగించే పని కూడా లేదు, వీడియో కొలత తగ్గిస్తే చాలు.

"ఇవన్నీ మీకెందుకు" అనేవాళ్లకు నా జవాబు ఒకటే. కుక్కర్‌కు గ్యాస్కెట్ మార్చేది మనం, మిక్సీ ఆగితే కింద ఎర్ర బటన్ నొక్కి మళ్లీ నడిపించేది మనం. ఇదీ అంతే పని.

ఇంకో మాట. వీడియోకు అడ్వాన్స్ ఇచ్చేరోజే గట్టిగా చెప్పండి: దాచుకోవడానికి ఫోర్‌కే ఒకటి, చూసుకోవడానికి 720పి హెచ్.264 ఒకటి, రెండూ ఇవ్వాలని. వాళ్ల కంప్యూటర్‌లో అది ఇంకో ఎక్స్‌పోర్ట్, అంతే. లక్షలు పోసి చేసిన పెళ్లిని ఇంటి పెద్దావిడ చూడలేకపోతే ఆ వీడియో ఎవరి కోసం తీసినట్టు?