పాత బీరువా చెప్పిన పాఠం

పాతది గనుక పారవేయాలనే తలపు మనలో నానాటికీ బలపడుతున్నది. మా తాతగారి టేకు సొరుగుల బీరువాను తుక్కు కింద అమ్మివేయాలని ఇంట్లో నిశ్చయించారు. సొరుగులు బిగిసిపోవడమే దాని నేరం!

సముద్రపు తేమకు కొయ్య ఉబ్బుతుంది. అది దోషం కాదు, స్వభావం. ఉబ్బినప్పుడే చిత్రిక పడితే, ఆరిన తరువాత సొరుగు వదులైపోతుంది. అందుచేత పొడి దినాల వరకు వేచి, ఒరుసుకున్న అంచులను మాత్రమే పలుచగా చిత్రిక పట్టాను. సొరుగు నడిచే దారిన కొవ్వొత్తి మైనం రుద్దాను. పాత లక్క మెరుగును గోకక, మురికిని మాత్రమే తుడిచాను. అడుగు సొరుగులో తాతగారి ఉర్దూ ఉత్తరాలు, తెలుగు లెక్కల చిట్టా ఒకే మూటలో లభించాయి.

విశాఖ కేవలం రేవుకూ, ఉక్కుకూ పుట్టినిల్లు కాదు. 1933లో రేవు ప్రారంభం కాకమునుపే, 18వ శతాబ్దంలో, ఇక్కడి పనివారు దంతంపై చెక్కిన గీతలలో లక్క నింపి, కొయ్యసామానుకు పొదిగారు. నేడు ఆ పనితనాన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూడవలసి వస్తున్నది. దంతపు పని తిరిగి రానక్కరలేదు, ఏనుగు బ్రతకాలి. ఆ చేతి ఓర్పు మాత్రం నశించరాదు.

కళాశాల కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. విరిగిన బల్లలను, బీరువాలను వేలం వేసే ముందు ఒక వడ్రంగి మేస్త్రీని పిలిపించి, మన విద్యార్థులకు ఉలి పట్టడం నేర్పించండి. బాగుచేయడం తెలిసినవాడు పారవేయడానికి తొందరపడడు.