రసీదులో రాసే అంకె

2025లో ఈదుల్ ఫిత్ర్ పండుగ మార్చి 31వ తేదీన వచ్చినది. ఆ తేదీ విశేషమేమిటో వ్యాపారం చేసే పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఆర్థిక సంవత్సరం ఆనాటితో ముగుస్తుంది. రమజాన్ చివరి పది రోజులలో జకాత్ లెక్కలు, ఆదాయపు పన్ను లెక్కలు ఒకే బల్ల మీద చేరాయి. అల్లాహ్‌కు ఇవ్వవలసినదీ, ప్రభుత్వానికి కట్టవలసినదీ ఒకే కాలిక్యులేటరు మీద తేలుతున్న రోజులవి.

ఆ రోజులలోనే ఒక సాయంత్రం, ఇఫ్తార్‌కు గంట ముందు, కాకినాడలో మేము పాఠాలు చెప్పే మదరసా కార్యాలయానికి ఒక సోదరుడు వచ్చారు. మెయిన్ రోడ్డులో దుకాణం, ఐదు పూటల నమాజు, మాటలో మెత్తదనం ఉన్న మనిషి. మదరసాను నడిపే ట్రస్టు కింద అన్ని మతాల పిల్లలూ చదువుకునే చిన్న పాఠశాల ఒకటి ఉన్నది. దానికి 80జి గుర్తింపు ఉన్నది. ఆయన వచ్చినది దాని కోసమే. ఐదు లక్షలకు చెక్కు ఇస్తానన్నారు. అందులో నాలుగు లక్షల అరవై వేలు నెమ్మదిగా నగదు రూపంలో తనకు తిరిగి ఇచ్చివేయాలట. మిగిలిన నలభై వేలు మదరసాకు. రసీదు మాత్రం ఐదు లక్షలకు.

లెక్క సులభమే. పాత పన్ను విధానంలో, ఇటువంటి సంస్థకు ఇచ్చిన విరాళంలో సగం మొత్తాన్ని ఒక పరిమితికి లోబడి ఆదాయం నుండి మినహాయించుకోవచ్చు. ఐదు లక్షలలో సగం రెండున్నర లక్షలు. ముప్పై శాతం పన్ను కట్టే వ్యక్తికి దాని మీద మిగిలేది, సెస్సు కాక, 75 వేలు. మదరసాకు ఇచ్చిన నలభై వేలు పోగా ముప్పై ఐదు వేలు ఆయన జేబులోనే ఉంటాయి. దానం చేసి లాభం గడించే విద్యను ఎవరో ఆయనకు నేర్పారు.

అప్పటికి మదరసాలో ఉపాధ్యాయుల జీతాలు రెండు నెలలుగా బాకీ. మాదీ అందులో ఉన్నది. నాజిమ్ సాహెబ్ మా ముఖం చూశారు. మేము వారి ముఖం చూశాము. చివరకు మేమే అన్నాము: “భాయీసాబ్, ఇది అబద్ధపు సాక్ష్యం. రసీదు మీద సంతకం చేసేవాడు కూడా దానికి సాక్షే కదా!”

ఆ సోదరుడు కోపగించుకోలేదు. లేచి చెప్పులు తొడుక్కుంటూ, ఎంతో మర్యాదగా ఒక మాట అడిగారు: “మౌలానా సాబ్, జకాత్ డబ్బుతో జీతాలు ఇవ్వకూడదని మీరే జుమా బయానులో చెప్పారు. మరి మీ మదరసాలో జీతాలు ఏ డబ్బుతో ఇస్తున్నారు?”

అజాన్ అయింది. ఖర్జూరం నోట పెట్టుకున్నాము గాని, ఆ ప్రశ్న గొంతు దిగలేదు.

పాఠకులలో చాలామందికి ఈ సంగతి తెలియదు; తెలిసినవారు మాట్లాడరు. కనుక విప్పి చెబుతాము. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ చెల్లాలంటే, దానిని అర్హుడైన పేదవానికి సొంత ఆస్తిగా అప్పగించాలి. దీనిని తమ్లీక్ అంటారు. గోడ కట్టడానికి, ఫ్యాను బిగించడానికి, ఉపాధ్యాయునికి జీతం ఇవ్వడానికి జకాత్ సొమ్ము నేరుగా వాడరాదు. మదరసాలకు వచ్చే సొమ్ములో పెద్ద భాగం జకాతే. విద్యార్థుల భోజనానికి, బట్టలకు, పుస్తకాలకు అది చక్కగా సరిపోతుంది. జీతాల మాటేమిటి? దీనికి ‘హీలా-ఎ-తమ్లీక్’ అనే ఉపాయం ఉన్నది. పేద విద్యార్థి ఒకరిని పిలిచి జకాత్ సొమ్మును అతని చేతిలో పెడతారు. అతడు దానికి యజమాని అవుతాడు. ఆ మరుక్షణం తన ‘ఇష్టపూర్వకంగా’ మదరసాకు విరాళంగా తిరిగి ఇస్తాడు. అక్కడి నుండి అది జకాత్ కాదు, విరాళం. జీతాలకైనా, సున్నానికైనా వాడవచ్చు.

ఫత్వా గ్రంథాలలో దీనికి అనుమతి లేకపోలేదు. గత్యంతరం లేనప్పుడు, పేదవాడు నిజంగానే యజమాని అయినప్పుడు, తిరిగి ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ అతనికి నిజంగానే ఉన్నప్పుడు అని పెద్దలు షరతులు పెట్టారు. కాని పదమూడేళ్ళ పిల్లవాడు, తనకు అన్నం పెట్టే మదరసా కార్యాలయంలో, తనకు పాఠం చెప్పే ఉస్తాద్ ఎదుట నిలబడి, “హజ్రత్, ఈ రెండు లక్షలు మా అమ్మకు పంపుకుంటాను” అనగలడా? మా ముప్పై ఏళ్ళ బోధనలో అలా అన్న పిల్లవాడు ఒక్కడూ లేడు. ఒకసారి ఒక బాలుడు నోట్ల కట్ట చేతిలో పట్టుకొని ఇది ఎన్ని రోజులు తన దగ్గర ఉంచుకోవాలని అడిగాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము.

చెక్కు ఇచ్చి నగదు వెనక్కి తీసుకునే వ్యాపారికీ, నోట్లు ఇచ్చి నిమిషంలో వెనక్కి తీసుకునే మాకూ తేడా లేదని మేము అనము. ఆయన ఉపాయంలో లాభం ఆయన జేబుకు. మా ఉపాయంలో ఫలితం ఖుర్ఆన్ బోధనకు. ఆయనది చట్టాన్ని మోసగించడం. మాది పండితుల అనుమతి నీడలో ఉన్నది. తేడా ఉన్నది. అయితే ఆ సాయంత్రం ఆ తేడాను ఆయనకు వివరించడానికి మాకు నోరు రాలేదు.

పన్ను ఎగవేత ఉపాయాలు నిన్నమొన్నటివి కావు. ఇమామ్ బుఖారీ తమ సహీహ్‌లో ‘ఉపాయాల అధ్యాయం’ పేరుతో ప్రత్యేకంగా ఒక భాగాన్నే కేటాయించారు. హజ్రత్ అబూబక్ర్ (ర) జకాత్ గురించి హజ్రత్ అనస్ (ర)కు వ్రాసి ఇచ్చిన ఆదేశాలలో ఒకటి అందులో వస్తుంది. జకాత్ భయంతో వేర్వేరుగా ఉన్నవాటిని కలపరాదు, కలిసి ఉన్నవాటిని విడదీయరాదు అన్నది దాని సారాంశం. ఇమామ్ మాలిక్ దీనిని గొర్రెల లెక్కతో వివరించారు. నలభై గొర్రెలకు ఒక గొర్రె జకాత్. నూట ఇరవై వరకూ అదే ఒక్కటి. ముగ్గురు మనుషులకు తలా నలభై ఉంటే మూడు గొర్రెలు ఇవ్వాలి. జకాత్ వసూలుదారు వస్తున్నాడని తెలిసి ముగ్గురూ మందలు కలిపివేస్తే నూట ఇరవై. ఒక్క గొర్రెతో సరి. రెండు గొర్రెలు మిగులు.

నేడు మందలు కలపడం కంటే విడదీయడమే ఎక్కువ. ఒకే దుకాణం, ఒకే గల్లా; కాని కాగితం మీద మూడు సంస్థలు: ఒకటి తన పేరున, ఒకటి భార్య పేరున, ఒకటి బావమరిది పేరున. జి.ఎస్.టి. పరిమితి దాటకుండా ఏర్పాటు. ఏడాది నిండే ముందు రోజు బంగారాన్ని భార్యకు ‘బహుమతి’గా ఇచ్చి, వారం తరువాత ఆమె వద్ద నుండి తిరిగి ‘బహుమతి’గా పుచ్చుకునే జకాత్ ఉపాయం కూడా దీని తోబుట్టువే. ఇటువంటివి వినికిడి మాటలు కావు. మసలా అడగడానికి వచ్చినవారు మా ఎదుట కూర్చుని చెప్పినవి.

దివ్యఖుర్ఆన్‌లోని అల్ ఖలమ్ సూరాలో తోట యజమానుల వృత్తాంతం ఉన్నది. మా విద్యార్థులకు దానిని ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఈసారి చదివినప్పుడు మాకు కొత్తగా తోచిన సంగతి ఒకటి. ఆ అన్నదమ్ములు ఎవరి సొత్తునూ దొంగిలించలేదు. తోట వారిదే. పేదలు కోతకు వచ్చే వేళ తెలిసి, వారి కంటే ముందుగా తెల్లవారుజామున, గుసగుసలాడుకుంటూ బయలుదేరారు. వారు చేసినదల్లా సమయం మార్చడమే. రాత్రికి రాత్రే తోట మసి అయిపోయింది.

కోత మాట వచ్చింది కనుక గోదావరి డెల్టాలో నివసించే మనము ఇంకొకటి మరువరాదు. మన దేశంలో వ్యవసాయ ఆదాయం మీద కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కష్టపడే రైతుకు అది న్యాయమైన వెసులుబాటు. అదే వెసులుబాటు చాటున వేరే ఆదాయాన్ని వరి చేను ఆదాయంగా, కొబ్బరి తోట ఆదాయంగా చూపే పట్టణవాసులు కూడా ఉన్నారు. ప్రభుత్వం వదిలిన పంటను షరీఅత్ వదలలేదు. వాన నీటితో పండితే పదో వంతు, ఖర్చు పెట్టి నీరు పెట్టుకుంటే ఇరవయ్యో వంతు ఉష్ర్ చెల్లించాలని శాస్త్రం. నీటి తీరువా కట్టే కాలువ సాగుకు ఇరవయ్యో వంతు అని చాలామంది ఉలమా అభిప్రాయం. అంటే నూరు బస్తాలకు ఐదు బస్తాలు. హిందూ దేశపు భూములకు ఉష్ర్ వర్తిస్తుందా అన్న చర్చ పండితులలో ఉన్నది. అయితే మా వద్దకు ఆ చర్చతో వచ్చిన రైతులు తక్కువ. అసలు ఉష్ర్ అన్న మాట ఎరిగి వచ్చినవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు.

ఇక సంస్థల మాట. ఆదాయపు పన్ను చట్టం ధార్మిక, సేవా ట్రస్టులకు ఇచ్చిన మినహాయింపు చిన్నది కాదు. ఆదాయంలో 85 శాతం ఆశయం కోసం ఖర్చు చేస్తే పన్ను లేదు. స్థాపకుడు, అతని బంధువులు దాని నుండి లాభం పొందితే ఆ మినహాయింపు పోతుంది. సేవా సంస్థలకు ఒక పరిమితి దాటి పేరు లేని విరాళాలు వస్తే 30 శాతం పన్ను. పూర్తిగా మతపరమైన సంస్థకు అదీ లేదు. మసీదు డబ్బాలో, గుడి హుండీలో, చర్చి పళ్ళెంలో పడే నోటుకు పేరు అడగరాదని చట్టం మన్నించింది. అయితే దాతకు పన్ను తగ్గించే గుర్తింపు విషయంలో నియమం మారుతుంది. ఏదో ఒక మతస్థుల కోసమే నడిచే సంస్థకు ఆ గుర్తింపు దొరకదు. మా ట్రస్టు పాఠశాలలో అందరి పిల్లలూ ఉండటం వలననే అది దొరికింది. చుట్టుపక్కల వీధుల హిందూ, క్రైస్తవ పిల్లల పేరిట వచ్చిన మన్నింపు అది. ఆ రసీదులో అబద్ధం రాస్తే వారి పేరున అబద్ధం రాసినట్లు.

వదిలివేసిన పన్ను గాలిలో కలిసిపోదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మంచానికి, బడిలో బల్లకు తగ్గిన సొమ్ము అది. కనుక మినహాయింపు పొందిన ప్రతి సంస్థ వద్దా ప్రజల అమానతు ఉన్నట్లే. 2025 వక్ఫ్ సవరణ చట్టం మీద మన అభ్యంతరాలు మనకు ఉన్నాయి, అవి వేరు. అందులో ముతవల్లీలు బోర్డుకు చెల్లించే వాటాను 7 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. ఆ మిగిలిన రెండు శాతం ఏ పేదవాని ఇంటికి చేరుతున్నదని తమ ఊరి ముతవల్లీని అడిగినవారెవరైనా ఉంటే మాకు వ్రాయండి.

ఈ మాటలు మా ఇంట్లో చెప్పినప్పుడు ఇంజనీరింగ్ చదివిన మా మేనల్లుడు ఒప్పుకోలేదు. “మామూ, మీరు చిన్న దుకాణదారుల వెంటపడుతున్నారు. పెద్ద కంపెనీల సంగతి ఏమిటి?” అన్నాడు. సరియైన ప్రశ్నే. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును 30 శాతం నుండి 22 శాతానికి, కొత్త ఉత్పత్తి కంపెనీలకు 15 శాతానికి తగ్గించింది. ఖజానాకు ఏటా లక్షా నలభై ఐదు వేల కోట్లు తగ్గుతాయని ఆనాడు ప్రభుత్వమే చెప్పింది. ఇది దొడ్డిదారి కాదు, వీధి గుమ్మమే. చట్టం తెరచిన గుమ్మంలో నడిచినవారిని దొంగలనలేము. కాని ఆ మిగులు కొత్త ఉద్యోగమైనదా, వాటాదారుల డివిడెండు అయినదా అని అడిగే హక్కు పౌరునికి ఉన్నది.

లాభంలో ప్రజల వాటా గురించి కూడా ఒక చట్టం ఉన్నది. 2014 ఏప్రిల్ నుండి, ఏడాదికి 5 కోట్ల లాభం గాని, వెయ్యి కోట్ల టర్నోవరు గాని, 500 కోట్ల నికర విలువ గాని ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులో ఉన్నది. ఆ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోరాదు. మన కాకినాడ తీరాన ఎరువుల కర్మాగారాలు, నూనె శుద్ధి కర్మాగారాలు, ఓడరేవు, 2009 నుండి గాడిమొగలో ఒడ్డుకు చేరుతున్న సముద్రపు గ్యాసు ఉన్నాయి. ఈ చట్టం మన ఊరికి దూరపు సంగతి కాదు. మీ వీధిలో ఏదైనా కంపెనీ పేరుతో మంచినీటి యంత్రం ఉంటే, అది పనిచేస్తున్నదో లేదో చూడండి. కంపెనీ తన ఖర్చుల నివేదికను బయట పెట్టాలి, చదివేవారే తక్కువ.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. బాకీ వేరు, దానం వేరు. కూలివాని కూలి ఎగవేసి ఇచ్చిన సదఖా ఆ కూలిని తీర్చదు. వల వేసే చోటు పోగొట్టుకున్న బెస్తవానికి నష్టపరిహారం బాకీ. అతని ఊరిలో కట్టిన బస్ షెల్టరు ఆ బాకీకి జమ కాదు.

ఇదే కాకినాడలో ఏ చట్టమూ రెండు శాతం అడగని కాలంలో ఒక మనిషి ఉండేవారు. కోరంగి ప్రాంతపు మల్లాడి సత్యలింగ నాయకర్ రంగూన్ వెళ్ళి వ్యాపారంలో గడించిన ఆస్తిని ధర్మకార్యాలకు వ్రాసి ఇచ్చారు. జగన్నాథపురంలో ఎం.ఎస్.ఎన్. పేరుతో ఉన్న విద్యాసంస్థలు ఆ ధర్మసంస్థవే. వారు మన మతస్థులు కారు. కాని వక్ఫ్ అంటే ఏమిటని పిల్లలు అడిగితే, మేము గ్రంథం తెరవడానికి ముందు ఆ భవనాలు చూపుతాము.

షవ్వాల్‌లో మదరసా తెరిచినప్పుడు కమిటీ ఎదుట మేము హీలా ప్రస్తావన తెచ్చాము. వాదన చాలాసేపు జరిగింది. ఒక పెద్దాయన, “బుజుర్గులు చేసినదానిని మీరు తప్పంటారా?” అని గద్దించారు. తప్పనలేదు, అవసరం తీరేటంత వరకే వాడుకోమన్నారు కదా అన్నాము. చివరకు రెండు రసీదు పుస్తకాలు అచ్చు వేయించారు: ఆకుపచ్చది జకాత్‌కు, తెల్లది సాధారణ విరాళాలకు. జకాత్ విద్యార్థుల భోజనానికి, బట్టలకు, పుస్తకాలకు మాత్రమే. జీతాలు తెల్ల పుస్తకం నుండి. తెల్ల పుస్తకం చాలనప్పుడు జీతం ఆగాలని మేమే ఒప్పుకున్నాము. ఇంట్లో ఆ మాట చెప్పిన రోజు మా శ్రీమతి ఏమన్నారో ఇక్కడ వ్రాయము.

జూలైలో ఆదాయపు పన్ను శాఖ దొంగ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు జరిపినట్లు పత్రికలలో వచ్చింది. మరునాడు ఫజ్ర్ తరువాత ఆ మెయిన్ రోడ్డు సోదరుడు మసీదు మెట్ల మీద కలిశారు. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. కార్యాలయానికి వచ్చి రెండు వేల రూపాయలు ఇచ్చారు. ఏ పుస్తకంలో రాయమంటారని నాజిమ్ సాహెబ్ అడిగితే, తెల్లదానిలో అన్నారు. రసీదు తీసుకొని అంకె ఒకసారి చూసుకొని జేబులో పెట్టుకున్నారు.

ఇది వ్రాస్తున్నది రబీవుల్ అవ్వల్ మొదటి వారం. సఫర్ నెల జీతంలో సగం వచ్చింది.