నరం మీది గడ్డ: ముక్క పరీక్షకు ముందే కాన్సర్ అనుకోకండి



చేతిలోనో, తొడలోనో, మెడ పక్కనో చిన్న గడ్డ. ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఎవరో చెప్పగా స్టేషన్ ఘన్‌పూర్ నుండి వరంగల్‌కో హైదరాబాద్‌కో వెళ్లి స్కానింగ్ తీయించుకుంటారు. రిపోర్టు చివర "కాన్సర్ అయి ఉండవచ్చు" అని ఒక్క వాక్యం. ఇక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కొందరు పొలం అమ్మకానికి పెడతారు, కొందరు ఇంకేం లాభమని పసరు కట్టుకు పోతారు. రెండూ తొందరపాటే అని నా అభిప్రాయం.

కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే మన నరాలకూ ఒక పొర ఉంటుంది. ఆ పొరలోని కణాలకు 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు థియోడర్ ష్వాన్ పేరు పెట్టారు. అవి పెరిగి కట్టే గడ్డే ష్వానోమా. దాదాపు ఎప్పుడూ హాని లేనిదే, మెల్లగా పెరిగేదే. పక్కలకు కదులుతుంది గాని నరం పొడవునా కదలదు. దాని మీద వేలితో తడితే చాలామందికి నరం వెంట జిల్లుమంటుంది. ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, స్కానింగ్ యంత్రానికి అది తెలియదు.

గడ్డ పాతబడే కొద్దీ లోపల రక్తం చిమ్ముతుంది, నీటి తిత్తులు ఏర్పడతాయి, సున్నం చేరుతుంది. ఎం.ఆర్.ఐ.లో ఇదంతా కాన్సర్ లాగా కనబడవచ్చు. వేల రూపాయలు పోసే పెట్ స్కాన్ కూడా ఇక్కడ పొరబడుతుంది. ఏ కణాలు చక్కెరను ఎక్కువగా పీల్చుకుంటున్నాయో అది చూపుతుంది. కొన్ని ష్వానోమాలు కాన్సర్ అంతగానూ పీలుస్తాయి. ఇలాంటి పాత గడ్డల గురించి ఆకర్‌మన్, టేలర్ అనే వైద్యులు 1951లోనే రాశారు. మైక్రోస్కోపు కింద సైతం వీటి కణాలు వికారంగా ఉంటాయి, కాని కాన్సర్ కణాల్లాగా జోరుగా విభజన చెందవు. అనుభవం గల పాథాలజిస్టు చూడాలనేది అందుకే.

"సూది గుచ్చితే పాకుతుంది" అనే మాట మన ఊళ్లలో బాగా నాటుకుపోయింది. సరైన పద్ధతిలో చేసిన సూది పరీక్ష వల్ల కాన్సర్ పాకడం చాలా అరుదు. పరీక్ష చేయించుకోకపోతే జరిగే నష్టమే పెద్దది. ష్వానోమాకు తిత్తి ఉంటుంది. నేర్పుగల సర్జన్ నరాన్ని కాపాడుతూ గడ్డను మాత్రం ఒలిచి తీయగలడు. కాన్సర్ అనుకుని నరంతో సహా కోసేస్తే, కొడవలి పట్టే చెయ్యి మళ్లీ పట్టు బిగించలేకపోవచ్చు. అనుమానం తీరకపోతే స్లైడ్లు, మైనపు దిమ్మ అడిగి తీసుకుని హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి వంటి చోట మరోసారి చూపించుకోవచ్చు. అడగడానికి మొహమాటం ఎందుకు?

అలాగని అన్ని గడ్డలనూ వదిలేయమనడం లేదు. ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు, అనేక కాయలు ఉండే న్యూరోఫైబ్రోమాటోసిస్ జబ్బు కుటుంబాల్లో వస్తుంది. వీరిలో ఇంచుమించు నూటికి పదిమందికి జీవితకాలంలో నరపు కాన్సర్ రావచ్చు. ఉన్నట్టుండి పెరిగే గడ్డ, నిద్ర పట్టనివ్వని నొప్పి, కొత్తగా చెయ్యో కాలో బలహీనపడటం కనిపిస్తే, ఎవరైనా సరే వారాలు గడపకుండా రండి. వచ్చేటప్పుడు పాత ఫిల్ములన్నీ తెచ్చుకోండి. గడ్డ ఎంత కాలంలో ఎంత పెరిగిందో వాటిలోనే తెలుస్తుంది.