బలం కాదు బాస్... సమంగా నొక్కాలి!

కొత్తగా ఎస్‌ప్రెస్సో మెషీన్ కొన్నవాళ్లకి వారం తిరక్కుండానే ఓ డౌట్ వస్తుంది. అదే పొడి, అదే నీళ్లు, అదే మెషీన్. నిన్న కాఫీ అదిరింది. ఇవాళ పులుపూ ఉంది, చేదూ ఉంది. ఇదేంటి? వెంటనే ఫోన్ తీసి ఖరీదైన ట్యాంపర్ల కోసం వెతుకుతారు. ఆగండి. ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి.

ట్యాంపర్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు. ఒక పిడి, దాని కింద గుండ్రటి లోహపు బిళ్ల. పోర్టాఫిల్టర్ అనే గరిటెలాంటి దాంట్లో చిల్లుల బాస్కెట్ ఉంటుంది. అందులో వేసిన కాఫీ పొడిని అణిచేది ఇదే. మన ఇళ్లలో ఫిల్టర్‌లో పొడి వేసి, పైన గొడుగులాంటి చిల్లుల బిళ్లతో మెల్లగా నొక్కుతారు కదా, దానికి ఇది దగ్గరి చుట్టం. కాకపోతే అక్కడ డికాక్షన్ చుక్క చుక్కగా దానంతటదే దిగుతుంది. ఇక్కడ మెషీన్ వేడినీళ్లని దాదాపు 9 బార్ల ఒత్తిడితో తోస్తుంది. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 9 రెట్లు!

నీరు పల్లమెరుగు

అసలు కిటుకంతా ఈ సామెతలోనే ఉంది. పొడి ఒకవైపు వదులుగా, ఒకవైపు గట్టిగా ఉంటే నీళ్లు వదులుగా ఉన్న దారినే దూసుకుపోతాయి. దీన్నే చానెలింగ్ అంటారు. ఆ దారిలో ఉన్న పొడిని నీళ్లు మరీ పిండేస్తాయి, చేదు దిగుతుంది. మిగతా పొడి సరిగ్గా తడవదు, పులుపే వస్తుంది. ఒకే కప్పులో రెండూ తగలడానికి చాలాసార్లు కారణం ఇదే.

మరి ఎంత గట్టిగా నొక్కాలి? 30 పౌండ్లు, అంటే 13, 14 కిలోల బలం పెట్టాలని బరిస్టాలకి చెప్పేవారు. నిజానికి పొడి మధ్య ఖాళీలు పోయి బిళ్ల కట్టాక, ఇంకా బలం పెట్టినా పెద్దగా ఒరిగేదేం లేదు. మణికట్టు నొప్పి తప్ప. రోజంతా కౌంటర్ దగ్గర నిలబడి షాట్లు తీసేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

ఇలా చేసి చూడండి

* డబుల్ బాస్కెట్‌కి 18 గ్రాముల పొడి తూచి వేయండి. కళ్లతో కొలవొద్దు.
* ఉండలుంటే సన్నటి సూదులతో కలిపి, పొడిని అంతటా సమంగా పరవండి.
* మణికట్టు వంచకుండా, మోచెయ్యి ట్యాంపర్‌కి పైన ఉండేలా నిలబడి తిన్నగా నొక్కండి. బాస్కెట్ అంచుని వేళ్లతో తడిమితే వంకర ఉందో లేదో తెలిసిపోతుంది.
* నొక్కాక పోర్టాఫిల్టర్‌ని పక్కనుంచి తట్టొద్దు. బిళ్ల అంచు పగులుతుంది.
* 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగితే మంచి మొదలు.

15 సెకన్లలోనే దిగిపోయిందా? పొడిని ఇంకాస్త మెత్తగా పట్టండి. 45 దాటిందా? కాస్త బరకగా పట్టండి. అంతేగానీ నొక్కే బలాన్ని మార్చొద్దు. రోజూ ఒకేలా నొక్కితేనే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

పర్సు తీసేముందు

ముందు బాస్కెట్‌ని తిరగేసి చూడండి. అడుగున ఒక్కటే బుల్లి రంధ్రం ఉంటే అది ప్రెషరైజ్డ్ బాస్కెట్. ఒత్తిడి సంగతి అదే చూసుకుంటుంది కాబట్టి ఖరీదైన ట్యాంపర్ కొన్నా తేడా పెద్దగా తెలియదు. మామూలు చిల్లుల బాస్కెట్ అయితే సైజు ముఖ్యం. కేఫ్ మెషీన్లలో ఎక్కువగా 58 మిల్లీమీటర్లు, ఇంటి మెషీన్లలో 51, 54 కూడా ఉంటాయి. ట్యాంపర్ చిన్నదైతే అంచుల చుట్టూ పొడి వదులుగా మిగిలిపోతుంది, నీళ్లకి అదే దారి. స్ప్రింగ్ ట్యాంపర్ ప్రతిసారీ ఒకే బలంతో నొక్కడానికి సాయం చేస్తుంది. ఉంటే మంచిదే, తప్పనిసరి కాదు.

డబ్బులు పెట్టాల్సింది ముందు గ్రైండర్ మీద. మిక్సీలో పడితే కొంత దుమ్ములా, కొంత రవ్వలా వస్తుంది. దాన్ని ఏ ట్యాంపరూ కాపాడలేదు. చికోరీ కలిపిన ఫిల్టర్ పొడిని ఫిల్టర్‌కే వదిలేయండి. వేయించిన తేదీ రాసి ఉన్న గింజలు తెచ్చుకోండి. మన అరకు అరబికా ఉండనే ఉంది!

రేపు పొద్దున వరసగా రెండు షాట్లు తీయండి, టైమర్ పెట్టుకుని. రెండూ ఒకే టైముకి దిగి, ఒకే రుచి ఇచ్చాయా? అయితే మీ చేతిలో ఉన్న ట్యాంపర్ చాలు. ఆ డబ్బుతో గింజలు కొనుక్కోండి.