పేరు మార్చుకున్న కంపెనీ, పేరు పోగొట్టుకున్న రైతులు

దక్షిణ ఫ్రాన్సులో, రోన్ నది పక్కన ట్రికాస్టిన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి రైతులు ద్రాక్ష పండించి వైన్ చేసి అమ్ముకుంటారు. సీసా మీద ఊరి పేరు చూసే జనం కొంటారు. మన బంగినపల్లి మామిడికి పేరెంత బలమో, వాళ్ళకు ఆ పేరు అంతే. 2008 జూలై 7 రాత్రి ఆ తోటల పొరుగునే ఉన్న అణు ఇంధన కర్మాగారాల సముదాయంలో వ్యర్థజలాల ట్యాంకు పొంగింది. దాదాపు 74 కిలోల యురేనియం కలిసిన ద్రావణం పక్క వాగుల్లోకి పోయింది. బావినీళ్ళు తాగొద్దు, చేలకు పెట్టొద్దు, చేపలు పట్టొద్దు అని అధికారులు హుకుం జారీ చేశారు. నడి వేసవిలో రెండు వారాలు ఆ ఆంక్షలు నడిచాయి. ప్రమాదం చాలా చిన్నదని, అట్టడుగు స్థాయిదని ప్రకటించారు. కావచ్చు. కానీ కొనేవాళ్ళకు ఆ పేరంటేనే భయం పట్టుకుంది. అమ్మకాలు పడిపోతున్నాయని మొరపెట్టుకున్న రైతులు చివరికి 2010లో తమ వైన్ పేరే మార్చుకోవలసి వచ్చింది. ట్రికాస్టిన్ పోయి గ్రిన్యాన్ అయింది.

రైతుల పత్రికలో వైన్ సంగతేమిటని కొందరు నవ్వవచ్చు. నవ్వండి గానీ, ఆ ట్యాంకు ఎవరిదో కూడా తెలుసుకోండి. అది అరేవా అనే కంపెనీ అనుబంధ సంస్థది. అరేవా పుట్టింది 2001లో. అంతకు ముందు దాని ముఖ్య భాగం పేరు కోజెమా. 2018 నుంచి ఇంధన వ్యాపారం పేరు ఒరానో. రైతులు పేరు మార్చుకున్నది బతకలేక. కంపెనీ మార్చుకున్నది అప్పుల్లో మునిగి, రెండు ముక్కలైన తర్వాత. ఫిన్లాండులో 2005లో మొదలుపెట్టి 2009కల్లా ఇస్తామన్న రియాక్టరు 2023 దాకా పూర్తిస్థాయిలో నడవలేదు. ఆ నష్టాల గుంత పూడ్చడానికి 2017లో ఫ్రెంచి ప్రభుత్వం 450 కోట్ల యూరోలు పోసింది. కంపెనీ మునిగితే ప్రభుత్వం ఈది వచ్చి ఒడ్డుకు చేర్చింది. రైతు మునిగితే బ్యాంకువాడు బంగారం వేలం నోటీసు పంపుతాడు.

ఈ కంపెనీ తన వ్యాపారాన్ని 'ఇంధన చక్రం' అని చెప్పుకుంటుంది. గనిలో ఖనిజం తవ్వడం, శుద్ధి చేయడం, యురేనియాన్ని సాంద్రీకరించడం, వాడిన ఇంధనాన్ని మళ్ళీ శుద్ధి చేయడం, వ్యర్థాలు దాచిపెట్టడం అన్నీ తనే చేస్తుంది. వాడిన ఇంధనంలో 96 శాతం తిరిగి పనికొస్తుందని ప్రచారం. చక్రమంటే ఏమిటో మాకు తెలుసు. పేడ చేనికి పోతుంది, చేను గడ్డి ఇస్తుంది, గడ్డి పశువు తింటుంది. మళ్ళీ పేడ. అది చక్రం. వీళ్ళ చక్రంలో తిరిగి వచ్చేది ఎంతో గానీ, గని దగ్గర మిగిలిన మట్టి మాత్రం ఎక్కడికీ తిరిగిపోదు. 96 శాతం లెక్కలో ఆ మట్టిని కలపనే కలపరు.

ఆ మట్టిని చూడాలంటే పశ్చిమాఫ్రికాలోని నైజర్ పోవాలి. సహారా ఎడారి అంచున ఆర్లిత్ అనే గని పట్టణం ఉంది. 1971 నుంచి ఫ్రెంచి కంపెనీ అక్కడ యురేనియం తీసింది. 1978లో మొదలైన కొమినాక్ గనిని 2021 మార్చి 31న మూసేశారు. మిగిలింది సుమారు 2 కోట్ల టన్నుల రేడియోధార్మిక వ్యర్థం. ఎడారి గాలికి ఆ గుట్టలు ఊరుకుంటాయా? చుట్టుపక్కల ఉండేది ఒంటెలు, మేకలు మేపుకునే తువారెగ్ జనం. ఆర్లిత్ యురేనియం ఫ్రాన్సులో దీపాలు వెలిగించింది. నైజర్‌లో ఇప్పటికీ ఎక్కువమందికి కరెంటు లేదు. ఇమురారెన్ అనే చోట మరో పెద్ద గనికి 2009లో పునాదిరాయి వేసి, యురేనియం ధర పడిపోగానే 2014లో పని ఆపేశారు. మేత బీళ్ళు పోయిన వాళ్ళకు ఏ ధర పడిపోయిందో, ఎందుకు పడిపోయిందో ఎవరు చెబుతారు? 2025 జూన్‌లో నైజర్ సైనిక ప్రభుత్వం మిగిలిన సొమాయిర్ గనిని జాతీయం చేస్తున్నట్టు ప్రకటించింది. సైనిక పాలనను మేము మెచ్చుకోవడం లేదు. తుపాకీ పట్టినవాడు రైతుకు చుట్టం కాడు. జెండా మారినంత మాత్రాన ఆ 2 కోట్ల టన్నులూ కదలవు.

దీనికీ మనకూ ఏమిటి సంబంధం? 2008 చివర్లో ఇదే అరేవా మన దేశానికి 300 టన్నుల యురేనియం అమ్మేందుకు ఒప్పందం చేసుకుంది. ఆ సరుకు చేరింది హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకే. 2010లో మహారాష్ట్ర కొంకణ తీరంలోని జైతాపూర్‌లో రియాక్టర్లకు సంతకాలు చేసిందీ అదే. హాపుస్ మామిడి తోటల రైతులు, జాలర్లు ఎదురు తిరిగారు. 2011 ఏప్రిల్‌లో పోలీసు కాల్పుల్లో ఒక జాలరి చనిపోయాడు.

ఫ్రెంచివాడు కాబట్టి ఇలా, మన ప్రభుత్వ సంస్థ అయితే వేరుగా ఉంటుందని అనుకునేవాళ్ళు కడప జిల్లా తుమ్మలపల్లె వెళ్ళి రండి. అక్కడ యురేనియం కార్పొరేషన్ కర్మాగారం 2012 నుంచి నడుస్తోంది. రోజుకు 3,000 టన్నుల ఖనిజం ఆడించే సామర్థ్యం. ఖనిజం చాలా పలచన. టన్ను రాయి పిండి చేస్తే అరకిలో యురేనియం కూడా రాదు. మిగిలిందంతా బురదగా కొట్టాల పక్కనున్న చెరువులాంటి గుంతలోకి పోతుంది. యురేనియం తీసేసినా రాయిలోని రేడియోధార్మికతలో అధిక భాగం, రేడియం, థోరియం రూపంలో, ఆ బురదలోనే ఉంటుంది. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు.

అది సున్నపురాతి ఖనిజం కాబట్టి ఆమ్లంతో కాకుండా సోడాతో శుద్ధి చేస్తారు. నీళ్ళలో సోడియం పెరిగితే నేల ఏమవుతుందో మనకు ఏ శాస్త్రవేత్తా చెప్పక్కర్లేదు. చవుడు పడుతుంది. బోరు నీళ్ళు చెడిపోయాయి, అరటి తోటలు ఎండిపోయాయి, పశువులు జబ్బు పడుతున్నాయి అని చుట్టూ ఉన్న రైతులు ఏళ్ళుగా చెబుతున్నారు. కాలుష్య నియంత్రణ మండలి 2018లో నోటీసులిచ్చింది. తమవల్ల ఏ హానీ లేదన్నది సంస్థ మాట. సరే, లేకపోతే మంచిదే. అయితే ప్రతి బోరు నీటి పరీక్ష ఫలితాన్నీ తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించడానికి అడ్డమేమిటి?

కరెంటు వద్దని మేము అనడం లేదు. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పొలం వెళ్ళి పాము కాటుకు పోయింది మనవాళ్ళే. కరెంటు విలువ మాకు తెలుసు. మేము అడుగుతున్నది దాని ఖర్చు ఎవరి పద్దులో రాస్తున్నారని.

2025 ఫిబ్రవరి బడ్జెట్లో కేంద్రం 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు లక్ష్యమని చెప్పింది. ప్రైవేటు కంపెనీలను రానివ్వడానికి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి పౌర అణు నష్ట బాధ్యత చట్టాన్నీ సవరిస్తామంది. ఆ 2010 చట్టంలో 17వ సెక్షన్ ఉండేది. యంత్రం లోపంవల్ల ప్రమాదం జరిగితే అమ్మినవాడి దగ్గర సొమ్ము రాబట్టే హక్కు ఇచ్చింది అదే. భోపాల్ చూసిన దేశం కాబట్టి ఆ హక్కు రాసుకున్నాం. అమ్మేవాళ్ళకు గిట్టనిది కూడా అదే. శ్రీకాకుళం కొవ్వాడలో ఆరు అమెరికన్ రియాక్టర్లు పెడతామంటున్నారు. నకిలీ పత్తి విత్తనం అమ్మినవాడి మీద కేసు పెట్టమని మనం అడుగుతాం. రియాక్టరు అమ్మేవాడికి మాత్రం మినహాయింపా?

2019లో నల్లమల జనం కదిలితే తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అంతకు ముందు లంబాపురం, పెద్దగట్టు జనం కూడా నిలబడ్డారు. అందుకే మన శాఖలన్నీ వచ్చే గ్రామసభల్లో మూడు తీర్మానాలు పెట్టించాలి. 17వ సెక్షన్ ఇచ్చిన హక్కు ఉండాలి. తుమ్మలపల్లె చుట్టూ బోర్ల నీటిని సంస్థతో సంబంధం లేని ప్రయోగశాలలో, రైతుల సమక్షంలో నమూనా తీసి పరీక్షించాలి. పంట పోయిన ఎకరానికి పరిహారం ఇచ్చే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా చెప్పాలి. తీర్మానాల నకళ్ళు జిల్లా కలెక్టరుకు ఒకటి, మీ పార్లమెంటు సభ్యుడికి ఒకటి, సంఘం ఆఫీసుకు ఒకటి పంపండి. రసీదు తీసుకోవడం మరవొద్దు.