ఆరు వారాలు ఆగాల్సిందే!

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టి పదిహేను రోజులైంది. నీరసం తగ్గలేదు. దువ్వెనకు జుట్టు చుట్టుకుంటూనే ఉంది. బరువు చూసుకుంటే ఒక్క కిలో కూడా తగ్గలేదు. 'ఈ మందు నాకు పడలేదేమో' అన్న అనుమానం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ వచ్చి 'మా ఆడపడుచు వేరే కంపెనీ మాత్ర వాడింది, ఇట్టే గుణం కనిపించింది' అంటుంది. ఇంకేముంది... డాక్టరును మార్చేస్తారు. లేదంటే మాత్రే మానేస్తారు. చాలా ఇళ్లలో థైరాయిడ్ చికిత్స దారి తప్పేది ఇక్కడే!

ఇదేదో కొద్దిమంది సమస్య కాదు. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి హైపోథైరాయిడిజం ఉన్నట్టు తేలింది. మగవారికన్నా ఆడవారిలోనే ఇది ఎక్కువ.

మేస్త్రి గొంతు పెంచితే...

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. ఒంట్లో ప్రతి కణం ఎంత చురుగ్గా పనిచేయాలో నిర్ణయించేది ఇది తయారుచేసే హార్మోనే. అది తగ్గితే నిస్సత్తువ, చలి, మలబద్ధకం, నెలసరి తేడాలు, మతిమరుపు... ఇలా ఒంట్లో అన్నీ మందగిస్తాయి.

రిపోర్టులో కనిపించే టీఎస్‌హెచ్ మాత్రం థైరాయిడ్ హార్మోను కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఆదేశం. పనివాడు బద్ధకిస్తే మేస్త్రి గొంతు పెంచుతాడు కదా! అలాగే థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. పని సజావుగా సాగుతోందని నమ్మకం కుదిరాకే మేస్త్రి శాంతిస్తాడు. దానికి కొంత సమయం పడుతుంది.

ఒక్క వానకు చెరువు నిండదు

హైపోథైరాయిడిజానికి ఇచ్చే ప్రధానమైన మందు లెవోథైరాక్సిన్. ఎల్ట్రాక్సిన్, థైరోనార్మ్... పేర్లు వేరైనా లోపలుండే మందు ఇదే. ఒకరోజు వేసుకున్న మందులో సగం ఖర్చవడానికి దాదాపు వారం పడుతుంది. రోజూ వేసుకునేది కొద్దికొద్దిగా పోగుపడుతూ ఒక నిలకడైన మట్టానికి చేరాలంటే అయిదారు వారాలు కావాలి. ఎండిన చెరువు ఒక్క వానకు నిండదు కదా! మోతాదు మార్చిన ప్రతిసారీ డాక్టర్లు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే మళ్లీ టీఎస్‌హెచ్ చూడమనేది అందుకే. పది రోజులకే పరీక్ష చేయించి 'తగ్గలేదు' అని బెంగపడితే డబ్బు దండగ.

సరైన మోతాదు కూడా అందరికీ ఒకటి కాదు. గ్రంథి పూర్తిగా పనిచేయనివారికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అవసరం. అంటే 60 కిలోలున్నవారికి రోజుకు దాదాపు 100. గ్రంథి ఇంకా కొంత పనిచేస్తుంటే అంతకన్నా తక్కువే చాలు. వయసు మళ్లినవారికి, గుండెజబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఒకేసారి ఎక్కువిస్తే గుండె మీద భారం పడుతుంది. పక్కింటావిడ మోతాదు మనకు పనికిరానిది ఇందుకే.

మందు కాదు, వేళే తప్పు!

మోతాదు పెంచుతున్నా టీఎస్‌హెచ్ దిగిరావడం లేదా? ముందు మాత్ర ఎలా వేసుకుంటున్నారో చూసుకోవాలి.

* పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీ, టీ, టిఫిను... ఏదైనా అరగంట నుంచి గంట తర్వాతే. కాఫీతో కలిస్తే మందు సరిగా ఒంటబట్టదు.

* ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

* పొద్దున కుదరనివారు డాక్టరుకు చెప్పి రాత్రి భోజనమయ్యాక మూడు గంటలాగి వేసుకోవచ్చు. ఏదో ఒక వేళకే కట్టుబడాలి.

* మందు సీసాను పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టొద్దు. వేడికి, తేమకు మందు బలం తగ్గుతుంది.

* కంపెనీని తరచూ మార్చొద్దు. మార్చాల్సివస్తే ఆరు వారాల తర్వాత పరీక్ష చేయించుకోవాలి.

* జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే, రక్త పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. అవి ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

నార్మల్ వచ్చింది కదా అని...

మందు మానేయడానికి ఇంకో కారణం రిపోర్టులో 'నార్మల్' అన్న మాట. అది మాత్ర వల్ల వచ్చిన నార్మల్! ఆపేస్తే చాలామందిలో కొన్ని వారాల్లో కథ మళ్లీ మొదటికొస్తుంది. అలాగని సన్నబడదామని సొంతంగా మోతాదు పెంచుకోవడం మరీ ప్రమాదం. గుండెదడ మొదలవుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నిజానికి హైపోథైరాయిడిజం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో చేరిన ఉప్పు, నీరే. మిగతాది తిండి, నడకతోనే తగ్గించుకోవాలి. టీఎస్‌హెచ్ సరిగ్గా ఉన్నా నీరసం వదలకపోతే రక్తహీనత, బి12, విటమిన్ డి లోపం, నిద్రలేమి ఉన్నాయేమో చూపించుకోవాలి.

అయితే ఓపిక పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. మాత్ర వాడుతూ గర్భం దాలిస్తే వెంటనే డాక్టరును కలవాలి. బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోను కావాలి కాబట్టి మోతాదు పెంచాల్సి వస్తుంది. పుట్టిన బిడ్డలో లోపం బయటపడితే మందు మొదలుపెట్టడానికి ఒక్కరోజు కూడా జాప్యం చేయకూడదు. గుండెదడ, ఛాతీనొప్పి వచ్చినా, వృద్ధులు మగతగా, ఒళ్లు చల్లబడి కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

'జీవితాంతం మాత్రలా?' అని దిగులుపడేవారు ఒక పాత సంగతి తెలుసుకోవాలి. 1891 దాకా ఈ జబ్బుకు సరైన మందే లేదు. ఆ ఏడాది ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన సారాన్ని 46 ఏళ్ల మహిళకు ఇంజెక్షనుగా ఇచ్చారు. మందగించిన ఆ ప్రాణం తేరుకుంది. ఆమె మందు వదలకుండా వాడుతూ మరో 28 ఏళ్లు బతికి, 1919లో కన్నుమూసింది. ఆమెకు గొర్రె గ్రంథే దిక్కు. ఇప్పుడున్నవారికి కావాల్సింది ఒక చిన్న మాత్ర, గుక్కెడు నీళ్లు, ఆరు వారాల ఓపిక!