అల్లరివాడు సరే... పరధ్యానం పిల్ల మాటేమిటి?

మా కుందుర్పి వైపు పిల్లల గురించి రెండు మాటలు తరచూ వింటుంటాను. మగపిల్లాడైతే "వానికి కుదురు లేదమ్మా" అంటారు. ఆడపిల్లయితే "దీనికి ధ్యాసే లేదు, చదువు రాదులే" అని తేల్చేస్తారు. మొదటివాడికి బెత్తం దెబ్బలు. రెండోదానికి బడి మాన్పించి ఇంటి చాకిరీ, ఆపైన తొందరగా పెళ్లి. ఈ రెండు మాటల వెనుకా ఒకే ఇబ్బంది ఉండొచ్చని మనలో ఎందరికి తెలుసు?

డాక్టర్లు దాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. మనసు ఒకచోట నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం, ముందూ వెనకా చూడని తొందరపాటు దీని లక్షణాలు. ప్రపంచం మొత్తం మీద నూటికి సుమారు 5 మంది పిల్లల్లో ఇది ఉంటుందని అంచనా. ఇది తల్లి పెంపకంలో లోపం కాదు, గాలీ ధూళీ కాదు. మెదడు ఎదుగుదలలో తేడా. చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది.

ఎలా తేలుస్తారు?

రక్త పరీక్షలోనో స్కానింగ్‌లోనో బయటపడేది కాదిది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం సవరించిన కొలమానం ప్రకారం లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. కనీసం 6 నెలలు సాగాలి. ఇంట్లోనూ బడిలోనూ, రెండు చోట్లా కనపడాలి. అంటే తల్లి మాటా కావాలి, టీచరు మాటా కావాలి.

మా కరువు సీమలో చిక్కంతా అక్కడే ఉంది. శనక్కాయ పంట పోయిన ఏడాది అమ్మానాన్నలు బెంగళూరుకు కూలికి పోతారు. పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు. ఇంట్లో బిడ్డ ఎలా ఉంటున్నాడో డాక్టరుకు చెప్పేదెవరు? పైగా రక్తహీనత, చాలని నిద్ర, సరిగా వినపడకపోవడం, తల్లి దగ్గర లేదన్న బెంగ... ఇవన్నీ పైకి ఏడీహెచ్‌డీలాగే కనపడతాయి. అందుకే ముందు కళ్లు, చెవులు, రక్తం చూపించాలి. గెంతే ప్రతి బిడ్డకూ జబ్బు పేరు తగిలించడం ఎంత తప్పో, జబ్బున్న బిడ్డను తన్నడమూ అంతే తప్పు.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. వాళ్లలో చాలామంది గెంతరు, గోల చేయరు. వెనక బెంచీలో కూర్చుని కిటికీలోంచి చూస్తుంటారు. పుస్తకం పోగొడతారు, సగం లెక్క చేసి వదిలేస్తారు. టీచరుకు ఇబ్బంది లేదు కాబట్టి ఎవరికీ పట్టదు.

మందులు మంచివేనా?

చిన్న పిల్లలకు మొదటి వైద్యం మాత్ర కాదు. తల్లిదండ్రులకు నేర్పే మెలకువలే. ఒకసారికి ఒకే పని చెప్పడం, చేయగానే మెచ్చుకోవడం, పని ముక్కలు చేసి ఇవ్వడం. 6 ఏళ్లు దాటి ఇబ్బంది ఎక్కువగా ఉంటే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాస్తారు. చాలామందికి బాగానే పనిచేస్తుంది. అయితే మన దేశంలో అది నియంత్రణలో ఉన్న మందు. ప్రతి షాపులోనూ దొరకదు, డాక్టరు చీటీ లేనిదే వాడకూడదు. ఆకలి తగ్గించే గుణం కూడా దానికుంది. అసలే బక్కచిక్కిన మా పిల్లలకు బరువు, ఎత్తు చూస్తూ వాడాల్సిందే.

ప్రభుత్వం ఏం చేస్తోంది?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. వైద్య బృందం ఏడాదికోసారి సర్కారు బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలన్నది నియమం. ఒక్క పూటలో బడి మొత్తం చూసే బృందానికి పంటి పుచ్చు కనపడుతుంది గానీ, పరధ్యానం ఎలా కనపడుతుంది? ఎవరో ఒకరు ముందుగా చెప్పాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం ఉంది, చదువు నేర్చుకోవడంలో లోపం ఉంది. ఏడీహెచ్‌డీ మాత్రం లేదు. అంటే జాబితాలో వెతకమంటారు, దొరికాక హక్కు ఇవ్వరు!

పెద్ద డాక్టరు దగ్గరికి పోవాలంటే అనంతపురమో, బెంగళూరు నిమ్హాన్సో. రానూపోనూ చార్జీలు, పోయిన కూలి, అన్నీ తల్లి లెక్కలోకే వస్తాయి. జిల్లా డాక్టర్లు నెలకొక రోజు కళ్యాణదుర్గంలో పిల్లల కోసం కూర్చుంటే ఎన్ని ఇళ్లకు మేలు!

అది జరిగేదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. బిడ్డ సంగతి నెల రోజులు గమనించి ఒక కాగితం మీద రాసుకోండి. రాయడం రాకపోతే పెద్దపిల్ల చేత రాయించండి. టీచరమ్మ చేతా నాలుగు ముక్కలు రాయించండి. వైద్య బృందం వచ్చిన రోజు ఆ కాగితం పట్టుకుని బడికి వెళ్లండి. 2022లో మొదలైన టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా సలహా చెబుతారు. బడిలో కొట్టడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధమని అయ్యవారికి గట్టిగానే గుర్తుచేయండి.

ఒక్కటి మాత్రం మరవకండి. "చదువు రాదు" అని మీ అమ్మాయిని బడి మాన్పించే ముందు, ఎందుకు రావడం లేదో ఒక్క డాక్టరునైనా అడగండి.